గుండ్రటి కీల పంచాయితీ

వాదులాడుకున్నది ఇద్దరు. ఒకరు మా మావయ్య. తెనాలిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. ఆయన దగ్గర లోయరూ హయ్యరూ పాసై కోర్టుల్లో, తాలూకాఫీసుల్లో కుదురుకున్నవాళ్ళు, రిటైరైపోయి కూడా, బజార్లో కనబడితే ‘మాస్టారూ’ అంటూ స్కూటరు ఆపుతారు. రెండోది మా చెల్లెలు. హైదరాబాదులో ఉంటుంది. సినిమాలకీ సిరీస్‌లకీ తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తుంది కాబట్టి పొద్దున లేచింది మొదలు దాని వేళ్ళు కీల మీదే.

గొడవ అది కొన్న కీబోర్డు గురించి. పాత టైపురైటర్ వాలకం. చుట్టూ నికెల్ రంగు అంచు కట్టిన గుండ్రటి కీలు. ఎడంపక్కన క్యారేజి లాగేటట్టుగా ఒక కడ్డీ. వెనక, కాయితం పెట్టేచోట, ట్యాబ్ నిలబెట్టుకోడానికి గాడి. లోపల మెకానికల్ స్విచ్‌లు. వైరు లేదు. బంధువుల పెళ్ళికి వచ్చిన మావయ్య చెల్లెలి బల్ల మీద ఈ వస్తువుని చూశారు. నేను మధ్యలో కూర్చున్నాను గాని మధ్యవర్తినని చెప్పుకోను. బ్రాకెట్లలో మాటలు నావి. అవి ఎటు మొగ్గుతాయో దాచే ప్రయత్నం ఏమీ చెయ్యలేదు.

మావయ్య: ఇది టైపురైటరా?

చెల్లెలు: కాదు మావయ్యా, కీబోర్డే. చూడ్డానికి టైపురైటర్‌లా ఉంటుంది.

మావయ్య: ఏ టైపురైటర్‌లా? రెమింగ్టన్ వాడాను, ఫాసిట్ వాడాను, హాల్డా వాడాను. గోద్రెజ్ ముందు కూర్చున్నన్ని గంటలు మీ అత్తయ్య ఎదురుగా కూర్చోలేదు. వీటిల్లో ఒక్కదానికైనా ఎస్కేప్ బటన్ ఉండగా చూశావా? ఎఫ్1, ఎఫ్2 అంటూ పన్నెండు బిళ్ళలు! మా పాత మిషన్లు కొన్నిటికి ఒకటో అంకే ఉండేది కాదు. ఇంగ్లీషు చిన్న ‘ఎల్’ కొట్టి దాన్నే ఒకటి అనుకోమనేవాళ్ళం. ఆశ్చర్యార్థకం కావాలంటే పైన కామా కొట్టు, బ్యాక్‌స్పేస్ నొక్కు, కింద చుక్క పెట్టు. అంత పొదుపు మిషన్ అది.

చెల్లెలు: ఫంక్షన్ కీలు లేకపోతే నాకు పని నడవదు. వీడియో ఆపాలన్నా, నడపాలన్నా, రెండు సెకన్లు వెనక్కి జరపాలన్నా అవే దిక్కు.

మావయ్య: ఉండనీ. వద్దన్నానా? వాటికి మా తాతలనాటి అంచు ఎందుకు కట్టారని అడుగుతున్నాను.

చెల్లెలు: ముచ్చట. 2014లో అమెరికాలో క్వెర్కీరైటర్ అని ఒకటి వచ్చింది. కిక్‌స్టార్టర్‌లో జనం దగ్గర ముందుగానే డబ్బు పోగుచేసి తయారుచేశారు. తరవాత ఆ బాణీలో చాలామంది దిగారు. అదే ఏడాది టామ్ హ్యాంక్స్, సినిమా యాక్టరు, ఐప్యాడ్ కోసం హ్యాంక్స్ రైటర్ అనే యాప్ తెచ్చాడు. గాజు మీద వేలు పెడితే టైపు చప్పుడు వస్తుంది. ఆయనకి టైపురైటర్లు పోగుచెయ్యడం సరదా.

మావయ్య: పోగుచేసేవాడికి సరదాగానే ఉంటుంది. మేం మోశాం. గోద్రెజ్ వాళ్ళు 1955లో మన దేశంలో మొదటి టైపురైటర్ చేశారు, 2009లో చెయ్యడం మానేశారు. మానేశారని తెలిసి పేపర్లు అయ్యో అన్నాయి. నేను అనలేదు. అఫిడవిట్ ఒకటి, కింద మూడు కార్బన్లు. చివరి వరసలో తప్పు పడిందనుకో. పై కాపీ రబ్బరుతో చెరపాలి. కార్బన్ మసి అంటకుండా మధ్యలో కాయితం ముక్కలు దూర్చి కింది కాపీలు ఒక్కోటే చెరపాలి. ముక్కలు తీసేసి, రోలరు సరిగ్గా అదే చోటికి తిప్పి మళ్ళీ కొట్టాలి. తప్పు పడ్డది పేరులోనో సర్వే నంబరులోనో అయితే చెరుపుడు పనికిరాదు, మొత్తం మళ్ళీ కొట్టాల్సిందే. ఆ రోజుల్లో నాకెవరైనా డిలీట్ బటన్ ఇచ్చి ఉంటే కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకునేవాణ్ణి.

(టైపురైటర్ మీద మోజు పడేవాళ్ళలో దానితో పొట్ట పోసుకున్నవాళ్ళు బహు తక్కువ. రెట్రో అన్న మాట మావయ్య ముందు ఎత్తకపోవడమే మంచిదని నాకు అప్పుడే తెలిసింది. చెల్లెలికి తెలియలేదు.)

చెల్లెలు: మీరు వేషం అంటున్నారు గాని, అసలు టైపురైటరే వేషం వేసుకుని పుట్టింది. 1874లో రెమింగ్టన్ వాళ్ళు అమ్మిన మొట్టమొదటి మిషన్, షోల్స్ గ్లిడెన్ మిషన్ అంటారు చూడండి, అది తయారైంది వాళ్ళ కుట్టుమిషన్ల విభాగంలో. ఒంటినిండా పూలూ తీగలూ. కింద కుట్టుమిషను స్టాండు. కాలితో తొక్కితే క్యారేజి వెనక్కి పోయేది. పెద్దక్షరాలు తప్ప చిన్నక్షరాలు లేవు. అక్షరం కాయితం అడుగునించి పడేది కాబట్టి కొడుతున్న వరస కొట్టేవాళ్ళకే కనపడేది కాదు. షిఫ్టు కీ 1878లో రెండో మోడల్‌తో గాని రాలేదు. కొత్త వస్తువు పాతదాని బట్టలు తొడుక్కోవడం వింతేమీ కాదు.

మావయ్య: వాళ్ళ దగ్గరున్న పనివాళ్ళు కుట్టుమిషను పనివాళ్ళు. చేతిలో ఉన్న స్టాండు వాడుకున్నారు. అక్కడ తొక్కుడుపలకకి పనుంది, కాలు వేస్తే క్యారేజి కదిలింది. నీ ఎడంపక్కనున్న ఈ కడ్డీకి పనేమిటి?

చెల్లెలు: ఎంటర్.

మావయ్య: అదిగో, అక్కడే వచ్చింది తంటా. మా కడ్డీ రెండు పనులు చేసేది. రోలరుని ఒక వరస తిప్పేది, క్యారేజిని కుడివైపుకి తోసి కొత్త వరస మొదట్లో నిలబెట్టేది. మార్జిన్ దగ్గరపడుతోందని ముందే గంట కొట్టేది. గంట వినగానే చేతిలో ఉన్న మాట పూర్తిచేసి కడ్డీ లాగాలి. కంప్యూటర్‌లో వరస దానంతటదే కిందికి తిరుగుతుంది కదా. అక్కడ ఎంటర్ కొడితే వచ్చేది వరస కాదు, పేరా.

(అని ఊరుకోలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని ఇంగ్లీషులో ఒక సెలవు చీటీ కొట్టారు. కళ్ళు తెర మీదే ఉన్నాయి, కీల వైపు ఒక్కసారి కూడా దిగలేదు. ప్రతి వరస చివరా ఎడంచెయ్యి చెప్పకుండానే కడ్డీ మీదికి పోయింది. తెరమీద ఉత్తరం పొందిగ్గా కనిపించింది. చెల్లెలు దాన్నే ఫోనులో తెరిచి చూపించింది. ఒక నిండు వరస, దాని కింద రెండు మాటల తుంట, మళ్ళీ ఒక నిండు వరస, మళ్ళీ తుంట.)

మావయ్య: చూశావా? నా చెయ్యి చేసింది సరైన పనే. ఈ కడ్డీ నన్ను మోసం చేసింది.

చెల్లెలు: చాట్‌లో ఇంకా ఘోరం, ఎంటర్ అంటే పంపెయ్యడమే. ‘మీరు అడిగిన డబ్బు’ అన్నంతవరకూ ఒకసారి ప్రొడక్షన్ వాళ్ళకి వెళ్ళిపోయింది. అందుకే దీని పని మార్చేశాను. ఈ కడ్డీకి మనకి కావలసిన షార్ట్‌కట్ అప్పగించుకోవచ్చు. ఒక సబ్‌టైటిల్ పూర్తవగానే తరవాతిదానికి పోవాలి కదా, అది పెట్టాను. తెరమీద ఒక్కో సబ్‌టైటిల్‌కి రెండు వరసలే. వరసకి ఇన్ని అక్షరాలు దాటకూడదని కట్టడి. ఎక్కడ విరవాలో కంప్యూటర్‌కి వదిలేస్తే కుదరదు. ‘వాడు నిన్న ఇంటికి’ అని పైన పడి ‘రాలేదు’ అని కింద పడిందనుకోండి, చదివేవాడు సగం క్షణం వాడు ఇంటికి వచ్చాడనే అనుకుంటాడు.

మావయ్య: వరసకి లెక్కుందా? దాటితే?

చెల్లెలు: పక్కన అంకె ఎర్రబడుతుంది.

మావయ్య: అంటే గంట కొట్టినట్టే.

చెల్లెలు: గంటే అనుకోండి.

మావయ్య: రెండు వరసలు, మార్జిను, గంట. ఆ తరవాత కడ్డీ. సరే, నీకు చెల్లుతుంది. నీకొక్కదానికే. కథలు రాసుకునేవాళ్ళకీ, లెక్కలు వేసుకునేవాళ్ళకీ ఇది బల్ల మీద చోటు దండగ.

(ఆరోజు విన్నవాటిలో నాకు బాగా పట్టిన మాట ఇదే. వరసని కొలిచి విరిచే పని మిగిలి ఉన్నచోటే ఆ కడ్డీకి ప్రాణం. తక్కినచోట్ల అది అలంకారం.)

మావయ్య: కడ్డీ ఇచ్చాను. గుండ్రటి కీలు మాత్రం ఇవ్వను. బాగా పాత మిషన్లకి అక్షరం కాయితం మీద అచ్చేసి, పైన బిళ్ళ పెట్టి, చుట్టూ లోహపు రింగు బిగించేవాళ్ళు. ఆ కట్టుబడి టైపురైటరే వదిలేసుకుంది. నేను పిల్లలకి నేర్పిన మిషన్లకి ప్లాస్టిక్ కీలే, వేలికొన కూర్చునేటట్టు నడుమ కాస్త పల్లం తీసి. నువ్వు పాతదాన్ని కొన్నాననుకుంటున్నావు. పాతవాళ్ళు వద్దనుకున్నదాన్ని కొన్నావు.

చెల్లెలు: కొత్తలో వేలు జారేది, అబద్ధమెందుకు. పక్క కీకి పోతుంటే రెండు బిళ్ళల సందులో పడేది.

మావయ్య: పడుతుంది. టైపు మిషన్ మీద కీ దాదాపు అర అంగుళం దిగేది. వరసలు మెట్లుమెట్లుగా ఉండేవి. వేలు పైనించి వచ్చి కొట్టేది, సందు ఎంతుంటేనేం? ఇక్కడ నీ వేళ్ళు పాకుతున్నాయి. పాకే వేలికి చదును కావాలి. ఇంకో సంగతి, ఆ మణికట్టు చూడు. బల్లకి ఆనించి చెయ్యి వెనక్కి విరిచి పెట్టావు. కీబోర్డు ఇంత ఎత్తుంటే నరం లాగదూ? మణికట్టు ఆనించిన పిల్లలకి నా దగ్గర స్కేలు దెబ్బ పడేది.

చెల్లెలు: కింద పెట్టుకునే దిండు అమ్ముతారు.

మావయ్య: చెయ్యి లేపితే డబ్బు మిగులుతుంది.

చెల్లెలు: కీల సంగతి వదిలెయ్యండి మావయ్యా. నేను కొన్నది లోపలి స్విచ్‌ల కోసం. ఏదీ, ఈ కీ మెల్లగా నొక్కండి. అడుగుదాకా పోవద్దు.

(అని వైరు కొక్కెంతో ఒక బిళ్ళ పైకి లాగింది. కింద కూడిక గుర్తులా నాలుగు రెక్కలున్న నీలం కాడ. దాని చుట్టూ తెల్ల ప్లాస్టిక్ తొడుగు, అడుగున స్ప్రింగు. మావయ్య కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని చాలాసేపు చూశారు. తరవాత వేలితో కాడని కొద్దికొద్దిగా దించారు. సగం దాటగానే చిన్న గతుకు తగిలి, తొడుగు తప్పుకుని, టక్కుమంది. పైకి వదిలారు. మళ్ళీ దించారు. ఈసారి కళ్ళు మూసుకున్నారు.)

చెల్లెలు: మొత్తం దిగేది నాలుగు మిల్లీమీటర్లు. రెండు మిల్లీమీటర్లు దాటీ దాటకముందే అక్షరం పడిపోతుంది. మీకు తగిలిన గతుకు దగ్గరే. యాభై అరవై గ్రాముల ఒత్తిడి చాలు. మామూలు కీబోర్డులో లోపల రబ్బరు గుబ్బ ఉంటుంది, దాని కింద ప్లాస్టిక్ షీట్లు. గుబ్బ నలిగి అడుగుదాకా అణిగితే గాని షీట్లు కలవవు. కలిసిందో లేదో వేలికి తెలియదు, తెర చూసుకోవాలి. కొన్నేళ్ళకి రబ్బరు మొద్దుబారుతుంది. ఇందులో ప్రతి కీకి విడిగా స్విచ్ ఉంటుంది. కోట్ల దెబ్బలకి తట్టుకుంటుందని లెక్క.

మావయ్య: అంటే అడుగుదాకా కొట్టనక్కర్లేదు.

చెల్లెలు: అక్కర్లేదు. మీరు సెలవు చీటీ కొట్టినప్పుడు బల్ల అదిరింది.

మావయ్య: మాకు నేర్పిందే అది, కొట్టి వెంటనే తియ్యి. కీ మీద వేలు నిలిస్తే టైపు పుల్ల వెనక్కి పడేలోపు రెండోది వచ్చి దానికి చిక్కుకుంటుంది. దీనిమీద వేలు నిలిస్తే?

చెల్లెలు: కకకకక అని పోతూనే ఉంటుంది.

మావయ్య: తియ్యడం మాత్రం తప్పదన్నమాట. ఇది బాగుంది. వేలికి జవాబు చెబుతోంది. కాని అమ్మాయ్, నువ్విప్పుడు కీబోర్డు ఆపేసి ఉంచావు కదూ?

చెల్లెలు: అవును.

మావయ్య: అయినా టక్కుమంటోంది. కంప్యూటర్‌కే తెలియని చప్పుడు! మా టక్కు సాక్ష్యం. పుల్ల పైకి లేచి, రిబ్బన్ మీంచి కాయితాన్ని రోలరుకేసి కొట్టిన చప్పుడది. పడ్డ అక్షరం ఎదురుగా కనిపించేది.

చెల్లెలు: స్టెన్సిల్ కొట్టేటప్పుడో? నలుపు చుక్క, ఎరుపు చుక్క కాకుండా తెల్ల చుక్క దగ్గర రిబ్బన్ మీట పెట్టేవారు. మీ ఇన్‌స్టిట్యూట్‌లో చిన్నప్పుడు నాచేతే పెట్టించారు. రిబ్బన్ తప్పుకునేది, సిరా పడేది కాదు. చప్పుడు మాత్రం అంతే.

మావయ్య: సిరా పడకపోతేనేం, మైనం కాయితం తెగేది! ‘ఓ’ అక్షరం గట్టిగా కొడితే మధ్యలో బిళ్ళ ఊడి పడేది. సైక్లోస్టైల్ తీస్తే ప్రతి ‘ఓ’ దగ్గరా నల్లమచ్చ. ఎంత బలం పెట్టామో కాయితమే చెప్పేది. దీనిమీద మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా అక్షరం ఒకటే.

చెల్లెలు: అదే కదా సుఖం!

మావయ్య: సుఖమే. సుఖాన్ని కష్టంలా మోగించడం ఎందుకని నా గొడవ.

చెల్లెలు: నాకు వినపడ్డానికి. డైలాగు చెవిలో ఉంటుంది, కళ్ళు వీడియో మీద ఉంటాయి. వేలూ ఈ టక్కూ కలిసి చెబితే తెర అక్షరాల వైపు చూడకుండా పోతాను. చప్పుడు వద్దనుకునేవాళ్ళకి ఎర్ర కాడ స్విచ్‌లున్నాయి, గతుకూ ఉండదు, టక్కూ ఉండదు. వాటితో నాకు కుదరలేదు. మీటింగుల్లో మాత్రం మైకు ఆపుకోవాలి. ఎవరింట్లోనో వడగళ్ళు పడుతున్నాయా అని అడిగారు.

(ఈ విడత వాదంలో నెగ్గింది మావయ్య. అయినా చెల్లెలు చెప్పిన వాడకంలో నాకు లోపం కనిపించలేదు. వేలికి తెలియడం వేరు, చెవికి తెలియడం వేరు. మొదటిది అందరికీ పనికొస్తుంది, రెండోది పక్క గదిలో మనిషి లేనివాళ్ళకి.)

మావయ్య: ఇంకొకటి. ఇంత బరువుంది, ఒళ్ళో పెట్టుకునే వస్తువు కాదు, బల్ల దిగేది అంతకంటే కాదు. దీనికి వైరు లేకపోతే ఏం ఒరిగింది?

చెల్లెలు: కదలాల్సింది ఇది కాదు మావయ్యా, ఎదుటిది. ఒకటి నొక్కితే ల్యాప్‌టాప్, రెండు నొక్కితే ట్యాబ్, మూడు నొక్కితే ఫోను. ట్యాబ్‌ని ఈ గాడిలో నిలబెట్టి అందులోనే చిత్తుప్రతి రాస్తాను. మెయిలూ వాట్సాపూ అందులో లేవు.

మావయ్య: మరి ఆ తెల్ల వైరు దేనికి? దీనికే తగిలించి ఉంది.

చెల్లెలు: ...పనున్న రోజుల్లో వైరు పెట్టుకుంటాను.

మావయ్య: ఆహా!

చెల్లెలు: బ్యాటరీ మిగలడానికి, కాసేపు ముట్టుకోకపోతే నిద్రపోతుంది. మళ్ళీ కొట్టగానే లేస్తుంది గాని లేచేలోపు కొట్టిన మొదటి అక్షరం ఒక్కోసారి గాలికి పోతుంది. నల్లగొండ పాత్ర ఒకటి. ‘వచ్చిండు’ అని కొట్టాను. మొదటి అక్షరం నిద్రలో పోయి ‘అచ్చిండు’ అని పడింది. చదివినప్పుడు తప్పని తోచలేదు, అదీ తెలంగాణ మాటే కదా. అవతలినుంచి ఫోను, ఈయనది నల్లగొండా కరీంనగరా తేల్చమని.

మావయ్య: ఆగాగు. ఒక్క అక్షరం పోతే ‘వ’ పోయి ‘అ’ ఎలా మిగిలింది? ఏం కొడుతున్నావు నువ్వు?

చెల్లెలు: ఇంగ్లీషు అక్షరాలే. వి పోయింది, ఏ మిగిలింది.

మావయ్య: తెలుగు రాసి బతికే పిల్లవి, తెలుగుని ఇంగ్లీషులో కొడుతున్నావా?

చెల్లెలు: లోకమంతా అంతే మావయ్యా. లేఖిని వెబ్‌సైటు రోజులనించీ అదే అలవాటు. డీటీపీ వాళ్ళు ఆపిల్ అమరికలోనో మాడ్యులర్ అమరికలోనో కొడతారు, తక్కినవాళ్ళందరం ఇంతే.

మావయ్య: ఇంతసేపూ బిళ్ళల గురించీ కడ్డీ గురించీ దెబ్బలాడాను. అసలు రోగం ఇదన్నమాట. మా రోజుల్లో తెలుగు మిషన్ వేరు, ఇంగ్లీషు మిషన్ వేరు. గుణింతం గుర్తు పైనో కిందో పడాలి కాబట్టి తెలుగు మిషన్ మీద కొన్ని కీలు నొక్కితే క్యారేజి కదిలేది కాదు. ఏది కదులుతుందో ఏది కదలదో వేలికి తెలియాలి. రెండు మిషన్ల మీదా హయ్యర్ పాసైనవాణ్ణి పిలిచి ఉద్యోగమిచ్చేవాళ్ళు. నీ కీబోర్డుకి ఆ బాధ లేదు. ఏ కీ నొక్కావో చెబుతుందంతే, అది ఏ అక్షరమో కంప్యూటర్ తేల్చుకుంటుంది. అవునా?

చెల్లెలు: అవును.

మావయ్య: ఇంత వరం చేతిలో పెట్టుకుని... లే. ఇన్‌స్క్రిప్ట్ పెట్టు.

(కుర్చీ మళ్ళీ ఆయనదైంది. ఇన్‌స్టిట్యూట్‌లో మిషన్ల సరసన కంప్యూటర్లు వచ్చాక ఆయన ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నారని నాకు తెలుసు. ఇంత పట్టుదలగా నేర్చుకున్నారని తెలియదు. విండోస్‌లో తెలుగు ఎంచుకుంటే వచ్చే కీబోర్డు అదే. 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ఖరారుచేసిన అమరిక. తెలుగులో ‘క’ ఎక్కడుందో హిందీలోనూ కన్నడంలోనూ అక్కడే ఉంటుంది.)

మావయ్య: ‘స్త్రీ’ అని కొడుతున్నాను, చేతులు చూడు. ‘స’, కుడి చూపుడువేలు. పొల్లు, ఎడమ నడిమివేలు. ‘త’, కుడి ఉంగరంవేలు. పొల్లు, మళ్ళీ ఎడమ నడిమివేలు. ‘ర’, కుడి చూపుడువేలు. దీర్ఘం, ఎడమ చూపుడువేలు. ఆరు దెబ్బలు. కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఒక చెయ్యి కొడుతుంటే రెండోది సిద్ధమవుతుంది. ఇప్పుడు నువ్వు కొట్టు, నీ పద్ధతిలో.

చెల్లెలు: ఎస్, టి, ఆర్, ఈ, ఈ. అయిదే దెబ్బలు.

మావయ్య: ఏ చేత్తో?

చెల్లెలు: ...అయిదూ ఎడమచేత్తోనే.

మావయ్య: కుడిచెయ్యి ఏం చేస్తోంది?

చెల్లెలు: ఖాళీగా ఉంది.

మావయ్య: పొద్దస్తమానం ఎడమ మణికట్టు నొప్పంటావని మీ అమ్మ చెప్పింది. గుణింతాలు దాదాపు అన్నీ ఎడమచేతికి, హల్లుల్లో చాలావరకు కుడిచేతికి పెట్టారు, ఊరికే కాదు. మ, న, వ మాత్రం చోటు చాలక కింద వరసలో ఎడమవైపు ఉన్నాయి. ఒత్తక్షరం కావాలంటే షిఫ్టు. ‘క’ మీద షిఫ్టు నొక్కితే ‘ఖ’, ‘ద’ మీద నొక్కితే ‘ధ’. మా మిషన్లకి షిఫ్టు నొక్కితే చిటికెనవేలు పీకేది, ఎంతో బరువు లేవాలి. నీకు దూదిలా ఉంది. ఇంత మెత్తటి షిఫ్టు, సగంలోనే పలికే కీ. ఇవి ఉంచుకుని నాలుగు వేళ్ళతో ఇంగ్లీషు కొడుతున్నావా!

చెల్లెలు: కీల మీద తెలుగు అక్షరాలు లేవు మావయ్యా. స్టిక్కర్లు తెప్పించాను ఒకప్పుడు. ఇదుగో షీటు. అన్నీ నలుచదరం. గుండ్రటి బిళ్ళ మీద పెడితే నాలుగు మూలలూ బయటికి పొడుచుకొస్తాయి.

మావయ్య: ఇప్పుడు తెలిసిందా గుండ్రం ఎవరికి పనికొచ్చిందో?

చెల్లెలు: కత్తెరతో మూలలు కత్తిరించుకోవచ్చు.

మావయ్య: కత్తిరించకు. అసలు అంటించకు. కీ చూసి కొట్టేవాడికి కావాలి అక్షరం. ఇన్‌స్టిట్యూట్‌లో నేను కీల మీద కాయితం కప్పేవాణ్ణి. ఎఫ్ మీదా జె మీదా గీత తగులుతోందిగా, చాలు.

(ఇక్కడ నా తీర్పు ఒకటి ఉంది, ఇద్దరికీ నచ్చకపోవచ్చు. తెలుగు కొట్టేవాళ్ళకి కీబోర్డు గుండ్రమా చదరమా అన్నది ఆఖరి ప్రశ్న. పదివేళ్ళకీ పని చెప్పే అమరిక నేర్చుకున్నవాడికి మంచి స్విచ్ ఖర్చు దండగ కాదు. నేర్చుకోనివాడు ఎంత పెట్టి కొన్నా చప్పుడు కొనుక్కున్నట్టే.)

చెల్లెలు: నేర్చుకునేదాకా నా పని ఎవరు చేస్తారు? డెడ్‌లైన్లు ఆగవు. కొత్త అమరికలో వేగం సగానికి పడిపోతుంది.

మావయ్య: పడుతుంది. లోయర్‌కి నిమిషానికి ముప్ఫై మాటలు, హయ్యర్‌కి నలభై అయిదు. మొదటిరోజే ముప్ఫై కొట్టినవాణ్ణి నేను చూడలేదు. పగలు నీ పద్ధతిలో పని చేసుకో, పొద్దున్నే నా పద్ధతిలో గంటసేపు కొట్టు. నేను ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నేర్పుతాను. రేపు ఆరింటి బ్యాచ్.

చెల్లెలు: ఆరింటికా! ఆ వేళప్పుడు ఈ చప్పుడు వింటే పక్క ఫ్లాటువాళ్ళు తలుపు కొడతారు.

మావయ్య: మా ఇన్‌స్టిట్యూట్ మేడమీద అన్ని మిషన్లూ ఒక్కసారి మోగేవి. ఏ ఒక్కడూ తలుపు కొట్టలేదు.

చెల్లెలు: మీ కింద ఉన్నవి కొట్లు మావయ్యా, తొమ్మిదింటికి గాని తెరిచేవాళ్ళు కాదు.

మావయ్య: ఎర్ర కాడవి మోగవన్నావుగా. అవి తెప్పించి మార్చు.

చెల్లెలు: దీంట్లో మార్చడానికి లేదు, స్విచ్‌లు టంకం పెట్టి అతికించేశారు.

మావయ్య: అయితే ఏడింటికి.